బిస్త్రా ఇష్టం

జనవరి 14

ఈరోజు బిస్త్రాను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. లిఫ్టు మళ్ళీ చెడిపోయింది. ఎదురింటి రాంగెల్, నేను కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తుకు మోశాం. మెట్ల మలుపులో ఆమె కుడి చెయ్యి జారి గోడకు రాసుకుంటూ పోయింది. ఆమెకు తెలియలేదు. నేను చూశాను గాని నా రెండు చేతులూ కుర్చీ కిందే ఉన్నాయి.

"మెల్లిగా ఊపండయ్యా, ఇది పెళ్ళి ఊరేగింపు కాదు," అంది.

రాంగెల్ నవ్వాడు. నేనూ నవ్వాను. మాట పోలేదు, అది చాలు. ఒక్కొక్క మాటకూ మధ్య చాలాసేపు ఆగుతోంది. ఆ ఆగే చోట్లు ఇక్కడ రాయను. కాగితం మీద అవి వేరే మనిషిని చూపిస్తున్నాయి.

పక్షవాతం కుడి పక్కంతా తినేసింది. డాక్టరు చెప్పింది ఇది: వేసవి లోపల ఎంత కోలుకుంటే అంత, ఆ తర్వాత వచ్చేది తక్కువ. అంతా ఆమె సాధన మీద, పట్టుదల మీద ఆధారపడి ఉంది.

"ఆ విషయంలో మీకు నేను చెప్పేదేముంది ప్రొఫెసర్‌గారూ," అన్నాడు.

నిజమే. ఆటగాళ్ళు ఎందుకు సాధన చేస్తారు, ఎందుకు మానేస్తారు అన్నదే నా పాఠం. నా జుట్టంతా ఆ పాఠం చెబుతూనే నెరిసింది. పైగా బిస్త్రా పడవ పోటీల్లో పతకం తెచ్చిన మనిషి. ఇలాంటి రోగి, ఇలాంటి భర్త ఒకే ఇంట్లో ఉండటం అదృష్టమే.

జనవరి 15

నిద్ర లేదు.

జనవరి 19

వ్యాయామం నేర్పే అమ్మాయి కలీనా వచ్చి వెళ్ళింది. చిన్న పిల్ల, చదువు అయిపోయి ఎన్నాళ్ళో కాలేదు. ఆమె ఉన్నంతసేపూ బిస్త్రా చెప్పినట్టల్లా చేసింది. తలుపు మూసుకోగానే కళ్ళు మూసుకుంది.

మొదట లక్ష్యాలతో మొదలుపెట్టాను. లక్ష్యం మరీ దూరమైతే మనిషి భయపడతాడు, మరీ దగ్గరైతే విసుగుపడతాడు. రబ్బరు బంతి నొక్కడం, మడమ ఎత్తడం, మంచం అంచున కూర్చోవడం. ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి ఫ్రిజ్ మీద అంటించాను. చేసినప్పుడల్లా ఒక గడిలో రంగు వేద్దామన్నాను.

బిస్త్రా ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "రంగు నేనెయ్యాలా, నువ్వేస్తావా?"

"నీకెలా నచ్చితే అలా."

"నాకు ఆకుపచ్చ నచ్చదు."

నీలం పెన్సిలు కొనుక్కొచ్చాను. అన్ని గళ్ళూ తెల్లగానే ఉన్నాయి.

జనవరి 27

ఈరోజు చేసింది నాకే నచ్చలేదు. బంతి నొక్కితేనే కాఫీ అన్నాను.

బహుమతి ఎర చూపే కొద్దీ చేసే పని మీద ఇష్టం చచ్చిపోతుందని ప్రతి ఏడాదీ మొదటి పాఠంలోనే చెబుతాను. తెలిసీ చేశాను. ఫ్రిజ్ మీది తెల్ల గళ్ళు చూసి ఓర్చుకోలేకపోయాను.

బిస్త్రా ఎడమ చేత్తో బంతి తీసుకుని తలుపు వైపు విసిరింది. "తెచ్చి పెట్టు," అంది. "అప్పుడు నీకూ బిస్కెట్ పెడతాను."

కాఫీ ఇచ్చాను. చల్లారిపోయేదాకా తాగలేదు.

ఫిబ్రవరి 6

మెచ్చుకోవడం కూడా పనిచెయ్యడం లేదు. ఉదయం చొక్కా చేతిలోకి కుడి చెయ్యి తనంతట తానే దూర్చింది. నేను వెంటనే అన్నాను: ఎంత బాగా చేశావో, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడానో.

"పరీక్ష తప్పిన పిల్లల్ని నువ్విలాగే పొగుడుతావు. నేను విన్నాను ఫోనులో."

ఆ తర్వాత రెండో చెయ్యి నన్నే తొడగనిచ్చింది.

ఫిబ్రవరి 11

ప్రచురణకర్త ఫోను చేశాడు. నా పాఠ్యపుస్తకం కొత్త ముద్రణ శరదృతువుకి కావాలట. మూడో అధ్యాయం అలాగే ఉంచమన్నాడు. "పిల్లలు దాని కోసమే కొంటారు సార్."

మూడో అధ్యాయంలో బిస్త్రా ఉంది. పేరు రాయలేదు, పడవ నడిపే ఒక అమ్మాయి అని రాశాను. ఆ రోజుల్లో క్రీడాకారుల్ని అడిగితే అందరూ ఒకటే చెప్పేవారు: దేశం, పార్టీ, కోచ్ గారి మార్గదర్శకత్వం. ఆమె ఒక్కతే అంది, "నీళ్ళు నన్ను పిలుస్తాయి, అందుకే వెళ్తాను." టేపు రికార్డరు ఆపి ఇంటికి నడిచి వచ్చాను. బస్సెక్కాలని కూడా తోచలేదు. ఆట వల్ల వచ్చేవాటి మీద ఆశ వేరు, ఆట మీద ఇష్టం వేరు, మనిషిని నిలబెట్టేది రెండోదే అని రాశాను. దానికి పార్టీ వాళ్ళు నాకు చాలా ఏళ్ళు పదోన్నతి రానివ్వలేదు. చింత లేదు. ఆ అమ్మాయి నాకు భార్యగా వచ్చింది.

ఇప్పుడు నా పని ఆ ఇష్టాన్ని మళ్ళీ తట్టి లేపడమే. అది ఆమెలో ఉంది. లేకపోవడానికి వీల్లేదు.

ఫిబ్రవరి 20

"చెయ్యి ముందా, కాలు ముందా? నీ ఇష్టం బిస్త్రా. ఈరోజు ఏం చేద్దామో నువ్వే చెప్పు," అన్నాను. నిర్ణయం తనదే అయినప్పుడు మనిషికి పని బరువు తగ్గుతుంది.

"ఏదీ వద్దు అనే ఇష్టం ఉందా అందులో?"

"అది తప్ప."

"అయితే అది నీ ఇష్టం ల్యూబెన్. నా పేరు పెట్టావంతే."

మార్చి 1

రాంగెల్ భార్య డోన్కా వచ్చి బిస్త్రా మణికట్టుకు ఎరుపు తెలుపు దారం కట్టింది. వసంతం వచ్చింది అక్కా, కొంగ కనబడేదాకా తీయకూడదు, అంది. కుడి చేతికే కట్టింది. బిస్త్రా ఆ దారాన్ని ఎవరిదో చేతికి కట్టినట్టు చూసింది.

నాకూ ఒకటి కట్టింది.

మార్చి 8

గింకా వచ్చింది, గులాబీలు, ఒక సీసా రకియా సారా పట్టుకుని. బిస్త్రా పడవలో ఆమె ముందు సీటు ఈవిడదే. ఇప్పుడు బాగా లావైంది. మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"ఒసేయ్ బిస్త్రా, ఇంకా పడుకునే ఉన్నావా? స్తొయిలోవ్ చూశాడంటే కాలువ చుట్టూ పరిగెత్తిస్తాడే."

"వాడు చచ్చాడుగా." స్తొయిలోవ్ వాళ్ళ కోచ్.

"చస్తే మాత్రం? వాడి ఈల నాకిప్పటికీ వినబడుతుంది. మొన్న ట్రాఫిక్ పోలీసు ఈల వేస్తే బస్టాపులో నిటారుగా నిలబడ్డాను."

బిస్త్రా నవ్వింది. నోరు ఒక పక్కకే వెళ్ళింది గాని నవ్వే. డిసెంబరు తర్వాత ఇదే మొదటిసారి.

"జనవరిలో తెడ్డు మీద మంచు కట్టింది గుర్తుందా? అరచేతుల చర్మం తెడ్డుకే అంటుకుపోయేది. నువ్వు ఏడుస్తూ లాగావు."

"నేను కాదు, నువ్వు."

"ఇద్దరం ఏడ్చాం లేవే. పెద్దాయన ముందు అబద్ధాలెందుకు."

పెద్దాయన అంటే నేను. నాకూ నవ్వొచ్చింది. పడ్డ కష్టాన్ని ఇలా నవ్వుతూ తలుచుకోవడం ఆట మీద ఇష్టానికి గుర్తు. విద్యార్థులకు చెప్పాలి.

వెళ్ళేముందు గింకా రెండు చేతులూ చాపింది. "లే. నన్ను సాగనంపవా ఏం?" బిస్త్రా లేచి నిలబడింది. ఒక చెయ్యి గింకా భుజం మీద, ఒక చెయ్యి బల్ల మీద. కాసేపే. నేను చూశాను.

తోడు. తోడు కావాలి మనిషికి. నేను ఆ విషయం మరిచిపోయి గళ్ళు గీసుకుంటూ కూర్చున్నాను.

మార్చి 9

"నిన్న నిలబడ్డావుగా. ఈరోజు నాతో."

"నిన్న గింకా ఉంది."

"నేనున్నాగా."

ఎడమ చేత్తో దుప్పటి మెడదాకా లాక్కుంది.

మార్చి 23

ఏమీ లేదు. గళ్ళ కాగితం తీసి పారేశాను.

ఏప్రిల్ 4

ఆమెకు స్నానం చేయించేటప్పుడు ఆమె గోడ వైపు చూస్తుంది. నేను మాట్లాడుతూనే ఉంటాను. కాలేజీ కబుర్లు, పక్కింటి కబుర్లు. నేను మాట్లాడటం ఆపితే ఆ గదిలో ఇద్దరం ఉండలేం.

ఏప్రిల్ 12

కాలువ దగ్గరికి తీసుకెళ్ళాను.

దీని గురించి వారం నుంచి ఆలోచించాను. ఎండ బాగుంది. రాంగెల్ కారు ఇచ్చాడు, తనే నడిపాడు. కుర్చీని గట్టు మీద నీళ్ళకు దగ్గరగా నిలబెట్టి, దుప్పటి కప్పి, రాంగెల్‌ను సిగరెట్టుకు పంపించాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పదిహేను పదహారేళ్ళ ఆడపిల్లలు నలుగురు పడవ దించుతున్నారు. వాళ్ళ కోచ్ గట్టు మీద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బిస్త్రా వాళ్ళను చూస్తోంది. ఆమె ముఖంలో ఏదో కదిలింది. ఇదే అనుకున్నాను. నేను కింద కూర్చుని ఆమె మోకాలు మీద చెయ్యి వేసి అడిగాను.

"పిలుస్తున్నాయా?"

"ఏవి?"

"నీళ్ళు."

నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నాకు జ్వరం వచ్చినప్పుడు చూసే చూపు అది.

"నన్నెప్పుడూ పిలవలేదు ల్యూబెన్."

నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. "నీళ్ళు. ఎప్పుడూ పిలవలేదు. నాకు నీళ్ళంటే రోత. ఇప్పటికీ ఆ వాసన పడదు. అదిగో, ఆ చివర నిలబడ్డ పిల్ల చేతులు చూడు, ఎలా దాచుకుంటోందో. నేనూ అలాగే దాచుకునేదాన్ని."

"మరి ఎందుకు చేశావు? ఇన్నేళ్ళు?"

"హాస్టల్లో మాంసం పెట్టేవాళ్ళు. వేడినీళ్ళుండేవి. మానేస్తే ఊరికి పంపేస్తాడు స్తొయిలోవ్. ఊళ్ళో ఏముంది? చీకటితో లేచి పొగాకు కొయ్యడం, పొద్దుపోయేదాకా ఆకు గుచ్చడం. మా అమ్మ వేళ్ళు చూశావుగా నువ్వు, నల్లగా. దానికంటే నీళ్ళు నయం అనుకున్నాను. పతకం వచ్చిన రోజు కూడా ఇంకో ఏడాది పంపడులే అనే అనుకున్నాను."

"నాతో ఆ మాట అన్నావు."

"అన్నాను."

"ఎందుకన్నావు?"

ఆ పిల్లలు పడవలో కూర్చున్నారు. కోచ్ ఈల వేశాడు. బిస్త్రా ఎడమ భుజం ఉలిక్కిపడింది. అప్పుడు చెప్పింది.

"నువ్వు మూడుసార్లు వచ్చావు ఆ టేపు డబ్బా పట్టుకుని. మిగతావాళ్ళు చెప్పింది వింటూ ఆవలించావు. నేను ఏం చెబితే ఆవలించవో అని ఆలోచించాను. నువ్వు మళ్ళీ రావాలని చెప్పాను."

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ళకు మట్టి అంటింది, దులుపుకున్నాను. రాంగెల్‌ను పిలిచాను.

రాంగెల్ కారు తీశాడు. మధ్యలో బిస్త్రా, "చలేస్తోంది, కిటికీ మూయండి," అంది.

ఏప్రిల్ 13

ఏమీ రాయను.

ఏప్రిల్ 15

మెదడు దెబ్బ తిన్నవాళ్ళ జ్ఞాపకాలు కలగాపులగమవుతాయి. చేదువి పైకి తేలతాయి, మంచివి మునుగుతాయి. దీని మీద పరిశోధనలున్నాయి. ఒక్క మాట పట్టుకుని అంతా కూల్చుకోవడం శాస్త్రీయం కాదు.

ఏప్రిల్ 16

గింకాకు ఫోను చేశాను. తిన్నగా అడిగాను, బిస్త్రాకు పడవంటే ఇష్టముండేదా అని.

"ఇన్నేళ్ళ తర్వాత ఇదా నువ్వడిగేది?" అంది. ఆ తర్వాత, "మాలో ఎవరికుంది నాయనా ఇష్టం," అంది.

ఏప్రిల్ 22

కాలేజీలో మూడో అధ్యాయం చెప్పాల్సిన రోజు. చెప్పాను. మాటలు వాటంతట అవే వచ్చాయి. నా చేతులు కూడా ప్రతి ఏడాది కదిలే చోటే కదిలాయి.

చివర్లో ఒక అమ్మాయి లేచింది. "ఆవిడ ఇప్పుడేం చేస్తున్నారు సార్?"

"ఇప్పటికీ నీళ్ళ దగ్గరికే వెళ్తుంది," అన్నాను.

పిల్లలకు నచ్చింది. రాసుకున్నారు.

ఏప్రిల్ 29

ఈమధ్య ఉదయం పూట కాలేజీ గ్రంథాలయంలోనే ఉంటున్నాను. పుస్తకం పని చాలా ఉంది. డోన్కా వచ్చి బిస్త్రా దగ్గర కూర్చుంటోంది. భోజనం వేళకు వెళ్తాను. వ్యాయామం గురించి బిస్త్రాను అడగడం లేదు. కోపం కాదు. అలసిపోయాను, అంతే.

నిజానికి గ్రంథాలయంలో ఏమీ రాయడం లేదు. కిటికీలోంచి ఫుట్‌బాల్ మైదానం కనబడుతుంది.

మే 5

బిస్త్రా ఎడమ మోకాలి మీద కమిలిన మచ్చ. అడిగితే మంచం కోడు తగిలిందంది.

డోన్కాను నిలదీశాను. "నువ్వు చూసుకుంటున్నావా, బాల్కనీలో కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నావా?"

డోన్కా ముఖం ఎర్రబడింది. "అక్కే వెళ్ళమంటుంది ప్రొఫెసర్‌గారూ. తలుపు వేసుకుని పడుకుంటానంటుంది. మనిషికి ఒంటరిగా ఉండాలని ఉండదా?"

"తలుపు వెయ్యకు."

"మీరే చెప్పుకోండి ఆవిడకి. నామీద అరవకండి."

మే 9

హాలులో కుర్చీ గోడ పక్కకు జరిపి ఉంది. ఊతకర్ర మంచానికి అటువైపు ఉంది. డోన్కా తుడవడానికి జరిపి, తిరిగి పెట్టలేదేమో. ఇల్లు నా ఇల్లులా లేదు.

మే 14

కలీనా బిస్త్రా కాలును అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు తిరిగింది. "తొడలో బలం బాగా వచ్చింది. నేను వారానికి రెండుసార్లు చేయించేదానితో ఇంత రాదు. ఇంట్లో బాగా చేయిస్తున్నారు ప్రొఫెసర్‌గారూ."

నేను బిస్త్రా వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూస్తోంది.

కలీనా వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. లక్ష్యాలు, తోడు, నిర్ణయం ఆమెకే వదిలెయ్యడం. విత్తిన రోజునే మొలక రాదు కదా. లోపల ఎక్కడో పనిచేస్తూ ఉండి ఇప్పుడు బయటికి వస్తున్నాయి. కాలువ దగ్గర మాట్లాడించడం కూడా మంచిదే అయిందేమో. లోపలి కసి కక్కేశాక దారి తెరుచుకుంది.

మే 15

గ్రంథాలయంలో పొద్దున్నే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. కొత్త అధ్యాయం. ఆలస్యంగా మేలుకునే ఇష్టం గురించి. చాలా రోజుల తర్వాత చెయ్యి ఆగకుండా రాసింది. ఆకలి కూడా వేసింది. దారిలో జున్ను పెట్టిన బనిత్సా రొట్టె కొనుక్కుని నడుస్తూనే తిన్నాను.

మే 20

బిస్త్రా పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. కుడి వైపు. హాలులో నేల తడిగా ఉంది, డోన్కా తుడిచి వదిలేసి ఉంటుంది. ఆపరేషన్ రేపు.

మే 21

ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చింది. నన్ను చూసి కళ్ళు మూసుకుంది.

మే 23

డోన్కా ఏడుస్తోంది. రాంగెల్ నాతో మాట్లాడటం లేదు.

మే 26

నేల తడిగా లేదు.

ఇది నేను తప్ప చదివేవాళ్ళు లేరు. ఇక్కడైనా రాయాలి.

ఆరోజు నేను తొందరగా వచ్చాను. కొత్త అధ్యాయం బిస్త్రాకు చదివి వినిపిద్దామని. చప్పుడు చెయ్యకుండా తాళం తీశాను. పడుకుని ఉంటే లేపకూడదని. హాలు తలుపు కొద్దిగా తెరిచి ఉంది. ఆమె గోడకు ఎడమ భుజం ఆనించి నిలబడి ఉంది. ఊతకర్ర ఎడమ చేతిలో ఉంది. కుర్చీ ఆమెకు దూరంగా, కిటికీ దగ్గర ఉంది. అంటే అక్కడి నుంచి నడిచి వచ్చింది. ఒక్కతే. కుడి కాలు లాగి, ముందుకు వేసి, ఆగి, ఊపిరి పీల్చుకుంది. పెదవి కొరుక్కుంది. మళ్ళీ లాగింది. బాల్కనీ తలుపు మూసి ఉంది, దాని అవతల డోన్కా సిగరెట్టు పొగ.

ఆమె ముఖం నేనెప్పుడూ చూడని ముఖం. ఎవరి కోసమూ పెట్టుకోని ముఖం.

నేను ఊరుకుని ఉండవచ్చు. వెనక్కి తగ్గి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల మీద కాసేపు కూర్చుని రావచ్చు. అంతకంటే సులువైన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

శభాష్ అన్నాను. గట్టిగా అన్నాను.

ఆమె ఉలిక్కిపడి గొంతు వచ్చిన వైపు తిరిగింది. కాళ్ళు తిరగలేదు.

మే 27

సర్జన్‌ను అడిగాను. ఎముక అతుక్కుంటుందన్నాడు. నడక సంగతి అడిగితే చేతిలో పెన్ను తిప్పుతూ, "ఆ పక్కే అయింది గదా," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

మే 30

ఈరోజు మాట్లాడింది. వార్డులో మిగతా ఇద్దరు ముసలమ్మలు నిద్రపోతున్నారు. నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు చేస్తున్నావని?"

"చెబితే చూస్తావు."

"చూస్తే ఏమైంది?"

"నువ్వు చూస్తుంటే గట్టు మీద స్తొయిలోవ్ నిలబడ్డట్టుంటుంది. వాడు తిట్టేవాడు, నువ్వు పొగుడుతావు. అంతే తేడా." తర్వాత అంది, "పడితే పడేదాన్ని. మోకాలు ఎన్నిసార్లు కొట్టుకున్నానో. ఎవరూ చూడనప్పుడు పడటం నాకు బాగుండేది. అదొక్కటీ నాదిగా ఉండేది."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయి మానేశాను.

"ఏప్రిల్ దాకా నేనెంత అడిగినా వేలు కదపలేదు. తర్వాత మొదలుపెట్టావు. ఎందుకు బిస్త్రా? ఎందుకు నడవాలనిపించింది?"

నేను పరిశోధన కోసం అడగలేదు. ఒట్టు. తెలుసుకోకపోతే బతకలేననిపించి అడిగాను.

ఆమె నోరు ఒక పక్కకు వెళ్ళింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"మళ్ళీ అడుగుతున్నావు," అంది. "ఈసారి చెప్పను ల్యూబెన్."

జూన్ 2

ప్రచురణకర్తకు చెప్పాను, మూడో అధ్యాయం తీసెయ్యమని.

"అది తీసేస్తే ఇంక పుస్తకమేముంది సార్?"

"లేదు," అన్నాను.

నేను హాస్యమాడుతున్నానని నవ్వాడు. తర్వాత ఆరోగ్యం బాగుందా అని అడిగాడు.

జూన్ 6

కాలేజీకి సెలవు పెట్టాను. కొత్త అధ్యాయం కాగితాలు కుళాయి కింద తడిపి చెత్తబుట్టలో వేశాను. చింపడానికి చేతులు రాలేదు.

జూన్ 7

రాంగెల్ మెట్ల మీద ఎదురయ్యాడు. "డోన్కా మీ ఇంటికి రాదిక," అన్నాడు. నేల తడిగా లేదని చెప్పాను. "మాకు తెలుసు," అన్నాడు. "మీరు చెబుతారేమోనని చూశాం."

వాళ్ళింటికి వెళ్ళి డోన్కాకు చెప్పాను. ఆమె గుమ్మంలో నిలబడి విని, తలుపు వేసుకుంది. మెల్లిగానే వేసింది.

జూన్ 10

బిస్త్రాను పాత ఆస్పత్రి వెనక ఉన్న దీర్ఘకాల రోగుల వార్డుకు మార్చారు. కిటికీలోంచి గోడ కనబడుతుంది. తినడం మానేసింది. నర్సు తినిపించబోతే పళ్ళు బిగిస్తుంది. నేను తినిపించబోయినా అంతే.

కలీనా చూడటానికి వచ్చింది. తనకు ఇక్కడ పనేమీ లేదు, ఊరికే వచ్చింది. బయట వరండాలో, "ఏమైనా చేసి ఆవిడకి బతకాలనిపించేలా చెయ్యండి ప్రొఫెసర్‌గారూ," అంది. పాపం, నేను ఏదో చెబుతానని ఎదురుచూసింది.

జూన్ 13

ఇంటికి వచ్చి ఆమె మంచం దుప్పటి మార్చాను. ఎవరూ పడుకోని మంచం. ఎందుకు మార్చానో తెలియదు.

జూన్ 16

డాక్టరు ట్యూబు వెయ్యాలంటున్నాడు. బిస్త్రా వద్దంది. నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు.

"ఇలాగే ఉంటే వేసవి దాటదు. అర్థమవుతోందా మీకు?" అన్నాడు డాక్టరు.

అర్థమవుతోంది.

జూన్ 19

ఎండ మండిపోతోంది. పెరుగు, దోసకాయ, వెల్లుల్లి వేసి తరతోర్ చేసి గాజు సీసాలో పట్టుకెళ్ళాను. వార్డులో ఫ్యాను లేదు. మిగతా మంచాల వాళ్ళను స్నానానికి తీసుకెళ్ళారు.

గిన్నెలో పోసి ఆమె ఎడమ చెయ్యి అందేలా బల్ల మీద పెట్టాను. చెంచా పెట్టాను. చల్లగా ఉందని గాని, వేసవిలో నీకిష్టం కదా అని గాని అనలేదు. నోటిదాకా వచ్చింది. మింగేశాను. బయటికి వచ్చి తలుపు వేశాను.

వరండాలో బెంచీ ఉంది. కూర్చున్నాను. లోపల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు. ఆగింది. మళ్ళీ తగిలింది. ఆ తర్వాత చెంచా కింద పడిన చప్పుడు, గచ్చు మీద దూరంగా దొర్లిపోయింది.

నా కాళ్ళు లేచాయి. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను.

నర్సు గదుల వైపు నుంచి వచ్చింది. "ఏదో పడినట్టుంది. మీరు లోపలికి వెళ్ళరా?"

"వెళ్తాను. ఇప్పుడు కాదు."

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. "వద్దమ్మా," అన్నాను. నా గొంతు ఎలా వచ్చిందో గాని, ఆమె చెయ్యి తీసేసి నన్ను ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

లోపల ఏదో జరిగిన చప్పుడు. బల్లో, గిన్నో. ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. కిటికీ నీడ బెంచీ దాటి పోయేదాకా కూర్చున్నాను.

లోపలికి వెళ్ళేసరికి దుప్పటి మీద, రొమ్ము మీద, మెడ మీద అంతా పెరుగు. గిన్నె ఆమె పక్కలో బోర్లా పడి ఉంది. గడ్డం తడిగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, నిద్ర కాదు.

తడిగుడ్డ తెచ్చి తుడిచాను. దుప్పటి మార్చాను. చెంచా వెతికి తీసి కడిగాను.

ఎంత తిన్నదో నేను అడగలేదు.